గడప దాటిన ఏడుపు

రాయపూర్, మోవా
జూన్ నెల, తొలి వాన పడిన రోజు

చిరంజీవి నీలిమకు,

మీ అత్త సూరమ్మ దీవించి రాస్తున్నది. అలవాటు చొప్పున చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని మొదలుపెట్టాను. లక్ష్మీ దాకా వచ్చాక చెయ్యి ఆగిపోయింది. ఆ కాగితం చింపేసి మళ్ళీ ఇది తీసుకున్నాను. ఇకమీద నిన్ను ఏమని రాయాలో మా అమ్మ నాకు నేర్పలేదు. అందుకని ఉట్టి పేరే రాశాను. ఏమీ అనుకోకు.

సాలూరులో నాలుగో తరగతితో నా చదువు అయిపోయింది. అక్షరాలు వంకరగా ఉంటే ఓపిగ్గా చదువుకో. నీ నంబరుకు ఎప్పుడు చేసినా ఒకావిడ హిందీలో ఏదో చెబుతోంది. మీ మామయ్య ఫోను నుంచి చేసినా అదే మాట. మొన్న పక్కింటి అన్నమ్మ ఫోను తీసుకుని చేస్తే మోగింది. నువ్వు హలో అన్నావు. నేను "అమ్మా నీలిమా" అన్నానో లేదో పెట్టేశావు. లైను పోయిందేమో అన్నాడు మీ మామయ్య. లైను పోలేదు. పెట్టేసిన చప్పుడు నాకు తెలుసు. నీ పార్వతీపురం అడ్రసు మీ అన్నయ్య కొండలరావు పెళ్ళి కార్డు మీద దొరికింది. దాన్ని చూసే రాస్తున్నాను.

పృథ్వీ పోయాక పుట్టింటికి వెళ్తానన్నావు. వెళ్ళమన్నాను. అలాంటప్పుడు ఆడపిల్ల అమ్మ దగ్గర ఉండడం మంచిదే. కానీ వేసవి సెలవులు కూడా అయిపోయాయి, చాందినిని పంపలేదు. దాని స్కూలు బూట్లు ఇక్కడే ఉన్నాయి. తుడిచి మంచం కింద పెట్టాను. మా వల్ల ఏ తప్పు జరిగిందమ్మా? కొడుకును పోగొట్టుకున్నదాన్ని, మనవరాలిని కూడా పోగొట్టుకోవాలా? అడగకూడని మాటైతే మన్నించు. కడుపు మండి అడుగుతున్నాను.

మన గల్లీలో అందరూ నన్ను బాగా చూస్తున్నారు. కూరగాయల బండి దగ్గరకు వెళ్తే ఆడవాళ్ళు మాటలు ఆపి నాకు దారి ఇస్తారు. ముందు నువ్వు తీసుకో అంటారు. గుడిలో కూడా అంతే. బిడ్డ పోయిన తల్లి అని జాలి కాబోలు. నలుగురూ ఇంత గౌరవంగా చూడడం నా జన్మలో ఇదే మొదలు. దాని కోసం ఎంత ధర చెల్లించానో ఆ దేవుడికే తెలుసు.

నయా రాయపూర్ వైపు వెళ్ళే బస్సు చూస్తే ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను. అంత వెడల్పు రోడ్డు, అంత ఖాళీ రోడ్డు. ఆ లారీకి వాడి బండి ఒక్కటే కనబడాలా?

చాందిని చేత ఒక్క ముక్క రాయించు. తెలుగు అక్షరాలు దానికి నేర్పింది నేనే కదా, ఎలా రాసినా చదువుకోగలను.

ఇట్లు,
మీ అత్త


పార్వతీపురం
జూన్ చివర

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. ఏ తప్పు జరిగిందని అడిగారు. మొదట కోపం వచ్చింది. రెండోసారి చదివాక మీకు నిజంగానే తెలియదని అర్థమైంది. అది ఇంకా భయంగా ఉంది.

ఆ రోజు మీరు ఆయన పక్కన కూర్చుని రాగం తీసి ఏడ్చినప్పుడు మీ మరిది గారి అబ్బాయి మోహనకృష్ణ ఫోనులో తీశాడు. దాన్ని మన బంధువుల గ్రూపులో పెట్టాడు. అక్కడి నుంచి రాయపూర్ తెలుగు ఆడవాళ్ళ గ్రూపుకు వెళ్ళింది. అక్కడి నుంచి ఎవరెవరికి వెళ్ళిందో ఎవరూ చెప్పలేరు. బిడ్డ పోయిన తల్లి ఏడుపు అని అందరూ ఒకరికొకరు పంపుకున్నారు. మీరు అందులో ఏమన్నారో నేను రాయను. మోహనకృష్ణనే అడగండి, చూపిస్తాడు.

పరీక్షలకు చాందినిని స్కూలుకు పంపాను కదా. ఆటోలో దాని పక్కన కూర్చునే పిల్ల అడిగిందట, "నువ్వు దత్తు తెచ్చుకున్న పిల్లవట కదా, మీ దాదీ వీడియోలో చెప్పింది" అని. మీరు, మామయ్య, ఆయన, నేను, మా అమ్మ, మా అన్నయ్య. ఇంతమందిమి పదేళ్ళు గుండెల్లో దాచుకున్న మాట దానికి ఆటోలో తెలిసింది.

ఆ రోజు నుంచి చాందిని నాన్న అనే మాట ఎత్తడం లేదు. ఆయన ఫొటో ముందు కూడా కూర్చోదు. ఏడవడం మానేసింది. "ఆయన" అంటుంది, నాలాగే. పదేళ్ళ పిల్ల.

దాన్ని అక్కడికి పంపలేను. నన్ను ఫోనులో వెతకకండి.

నీలిమ


రాయపూర్, మోవా
జూలై

చిరంజీవి నీలిమకు,

చూశాను.

మోహనకృష్ణను పిలిచి అడిగితే వాడు స్టూలు మీద తల దించుకు కూర్చున్నాడు. "వద్దు పెద్దమ్మా, ఇప్పుడు సూడకు" అన్నాడు. "పెట్టరా" అన్నాను. మీ మామయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు అర్థమైంది, ఆయనకు కూడా ముందే తెలుసు. గల్లీ అంతటికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

అందులో ఉన్న ఆడది నేనేనని మొదట పోల్చుకోలేదు. జుట్టు విరబోసుకుని, కొంగు ఎక్కడో, నోరు అంత తెరుచుకుని. తర్వాత గొంతు వినబడింది. "నా తండ్రీ, నా బంగారు కొండా, ఒక్క నెత్తురు బొట్టయినా మిగల్చకుండా ఎలిపోనావా... పండని కడుపును ఏలుకున్నావే... ఎవులో కన్న బిడ్డని ఎత్తుకొచ్చి నీ బిడ్డన్నావే... రేపు నాన్నా అని నీకోసం ఏడిసే సొంత నోరు నేదే నాయినా..."

నా చేత్తోనే రాశాను చూశావా. నువ్వు రాయనన్నావు. నీ చేత చదివించడానికి కాదు, నా చేతికి శిక్ష అని రాశాను.

దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఏడుపు మొహాల బొమ్మలు పెట్టారు. ఎవరో ఒకావిడ "అమ్మ ప్రేమ అంటే ఇది" అని రాసిందట, మోహనకృష్ణ చదివి వినిపించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కూరగాయల బండి దగ్గర వాళ్ళు నాకు దారి ఇచ్చింది జాలితో కాదమ్మా. ఈ మనిషి నోటి దగ్గర నిలబడకూడదని.

మోహనకృష్ణ తప్పు కూడా పెద్దగా లేదు. సాలూరులో మీ మామయ్య అక్క శేషమ్మ కాలు విరిగి మంచంలో ఉంది కదా. "ఆఖరి సూపు సూడనేకపోనాను, నాకు సూపించరా" అని ఏడ్చిందట. ఆమె కోసం తీశాడు. ఆమె ఒక్కదానికే పంపడం ఎందుకని అందరూ ఉన్న చోట పెట్టాడు.

ఒక్క సంగతి చెబుతాను. మా అమ్మ ఊళ్ళో ఎవరు పోయినా రాగం తీసేది, నేను ఆమె కొంగు పట్టుకుని విన్నాను. శవం దగ్గర ఆడది ఏమైనా అనొచ్చు. మొగుణ్ణి తిడుతుంది, అత్తను తిడుతుంది, దేవుణ్ణి కూడా వదలదు. విన్నవాళ్ళు ఇంటికెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుంటారు. అంతే, తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తరు. తిట్టించుకున్న అత్తే మూడో రోజు ఆ కోడలికి అన్నం కలిపి పెడుతుంది. మా చిన్నతనం నుంచి అది అలాగే జరిగింది. ఫోను ఎవరింటికి వెళ్ళినా నీళ్ళు పోసుకోలేదు కదా. ఆ మాట దానికి అంటుకుని అలాగే ఉండిపోయింది.

ఇది సాకు అని నీకు అనిపిస్తే అనిపించనీ.

మీ అత్త


రాయపూర్, మోవా
జూలై చివర

నీలిమకు,

నీ జవాబు రాలేదు. రాకపోవడమే న్యాయం. కానీ నేను ఊరికే కూర్చోలేదని చెప్పడానికి రాస్తున్నాను.

ఈ వారమంతా ఇల్లిల్లూ తిరిగాను. మన గల్లీ అయిపోయింది, వెనక గల్లీ అయిపోయింది, శంకర్ నగర్‌లో వెంకటరత్నం వాళ్ళింటికి ఆటోలో వెళ్ళాను. ప్రతి గడప దగ్గరా నిలబడి, "మీ ఫోనులో నా ఏడుపు ఉంటే తీసెయ్యండమ్మా, అది నా మనవరాలి సంగతి" అని బతిమాలాను. చాలామంది నా ఎదురుగానే తీసేశారు. కొందరు కాళ్ళకు దణ్ణం పెట్టబోయారు. నేను లోపలికి వెళ్ళలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు.

మన పక్క హిందీ వాళ్ళింటి కోడలు "కౌన్ సా వీడియో, చాచీ?" అంది. నాకు వచ్చిన హిందీలో అంతా విడమరిచి చెప్పాను, నీ దగ్గరికి వస్తే చూడకమ్మా అని. అన్నమ్మ కూడా, "ఏటి సూరమ్మా, ఏ వీడియో? నా దగ్గర చిన్న ఫోను, అందులో బొమ్మలు రావు కదే. ఏటుందే అందులో?" అంది. ఆమెకు కూడా చెప్పి, ఒట్టు వేయించుకున్నాను. లేదన్న వాళ్ళకు కూడా ఇలా ముందుగానే చెప్పి వచ్చాను.

ఇంకా భన్‌పురి వైపు నాలుగిళ్ళు మిగిలాయి. మోకాళ్ళు పట్టేశాయి, తగ్గాక వెళ్తాను.

మీ అత్త


పార్వతీపురం
ఆగస్టు

అత్తయ్య గారికి,

దయచేసి ఆపండి.

తెలియని వాళ్ళ గుమ్మాల దగ్గర నిలబడి మీరు సంగతి చెప్పి వచ్చారు. చూడని వాళ్ళు ఇప్పుడు అడిగి తెప్పించుకుని చూస్తున్నారు. అందరూ మర్చిపోతున్న సమయంలో మళ్ళీ మొదలైంది. "పాపం ఆ ముసలావిడ ఇల్లిల్లూ తిరుగుతోంది" అని ఒకరు రాసి మళ్ళీ పెట్టారు. మొన్న ఇక్కడ మా వదిన ఫోనుకు వచ్చింది. చాందిని పక్కనే ఉంది. అది లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది.

ఎవరింట్లోనో ఇచ్చిన గిన్నె అడిగి తెచ్చుకున్నట్టు మాటను తిరిగి తెచ్చుకోవచ్చని ఎలా అనుకున్నారు?

మీ ఆచారం గురించి రాశారు. నాకు అది తెలుసు, నేనూ ఈ జిల్లా పిల్లనే. మా నాయనమ్మ పోయినప్పుడు మా అమ్మ అన్న మాటలు విన్నాను, తలస్నానం చేశాక మర్చిపోయాను. పండని కడుపు అన్నారు. అది కూడా మింగగలను. వీడియో లేకపోతే అది కూడా నీళ్ళతో పోయేదే. నాకు కావలసింది ఒక్కటే. చాందిని గురించి అన్నది ఉట్టి రాగమేనా? మీ అమ్మ దగ్గర నేర్చుకున్న పాటేనా? ఆ మాట మీ మనసులో లేకుండానే నోట్లోకి వచ్చిందా?

నిజం రాయగలిగితేనే రాయండి. లేకపోతే రాయకండి.

నీలిమ


రాయపూర్, మోవా
ఆగస్టు, వినాయక చవితి వెళ్ళాక

నీలిమకు,

జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. కాగితం తీసేదాన్ని, మళ్ళీ మడిచి పెట్టేసేదాన్ని. ఉట్టి రాగమేనమ్మా అని రాస్తే నువ్వు నమ్ముతావేమో. చాందినిని పంపుతావేమో. ఆ ఆశతోనే రెండుసార్లు అలా రాశాను కూడా. పోస్టు చెయ్యలేకపోయాను.

ఆ మాట నా మనసులో ఉంది.

ఎప్పుడూ ఉందని కాదు. చాందిని నా ఒళ్ళో పెరిగింది. దానికి నలుగు పెట్టింది నేను, మొదటి పన్ను చూసింది నేను. కానీ పండగలప్పుడు శేషమ్మ ఫోను చేసి, "అచ్చం పృథ్వీ పోలికే, అదే ముక్కు" అన్నప్పుడల్లా నా లోపల ఏదో చిన్నగా కలుక్కుమనేది. అబద్ధం చెప్పమన్నది నేనే. నిన్ను నెలల ముందే పుట్టింటికి పంపి, అక్కడ పురుడు పోసుకుందని గల్లీ అంతా చెప్పింది నేనే. పృథ్వీ ఒప్పుకోలేదు, నీకు గుర్తుందా? "ఎందుకమ్మా దాచడం? దొంగతనం చేశామా?" అన్నాడు. "నీకు తెలీదురా, మనోళ్ళు నాలుక మీద పెట్టుకుని తిప్పుతారు" అన్నాను. నేను దాచింది పిల్ల కోసం అనుకున్నాను. కాదు. నా వంశం అనే ఒక పిచ్చి గొడవ కోసం దాచాను. దాచినదంతా లోపల పులిసింది. వాడు అలా పడుకుని ఉంటే, ఇక వీడిది నాకేమీ మిగల్లేదు అన్న మాట పైకి వచ్చింది. పాట మా అమ్మదే. ఆ మాట మాత్రం నాదే.

మనోళ్ళ నాలుకకు భయపడి దాచాను. చివరికి ఆ నాలుక నాదే అయింది.

అన్నమ్మ ఒక సంగతి చెప్పింది. ఆ రోజు నన్ను పట్టుకుని కూర్చున్నది ఆమే. "ఆ తరవాత నువ్వు సాందినీ సాందినీ అని మూర్ఛపోనావు, దాన్ని తెండి, నా ఒళ్ళో ఎయ్యండి అన్నావు, అది అందులో నేదా?" అంది. వీడియోలో అది లేదు. అప్పటికే తీయడం అయిపోయింది. నాకైతే ఏమీ గుర్తులేదు. నన్ను ఓదార్చడానికి అన్నమ్మ కల్పించిందో ఏమో కూడా తెలియదు. అందుకని ఇది నాకు సాక్ష్యంగా రాయడం లేదు. దాచకూడదని మాత్రం రాస్తున్నాను. ఇకమీద ఏదీ దాచను.

మోహనకృష్ణ వచ్చి, "పెద్దమ్మా, ఇంకో వీడియో తీద్దాం. సాందిని నా మనవరాలే అని నువ్వు సెప్పు, అదే గ్రూపులో పెట్టేస్తాను, సరిపోద్ది" అన్నాడు. ఒరే నాయనా, ఒకసారి నోరు తెరిస్తే ఇంత అయింది, మళ్ళీ తెరవమంటావా అన్నాను. అందరికీ చెప్పాల్సిన మాట నా దగ్గర ఏమీ లేదు. ఉన్న మాట ఒక్క పిల్లకే చెప్పాలి. అది వినడానికి ఒప్పుకోవాలి కదా.

భన్‌పురి వెళ్ళలేదు. ఇక ఎక్కడికీ వెళ్ళను. కూరగాయలు కూడా మీ మామయ్యే తెస్తున్నాడు.

సూరమ్మ


పార్వతీపురం
సెప్టెంబరు

అత్తయ్య గారికి,

మీరు నిజమే రాశారు. మీ మీద కోపం పోలేదు. కానీ మీ ఉత్తరాలన్నీ చాందినికి ఇచ్చాను. ఇకమీద దాని గురించిన ఏ మాటా దాని వెనక తిరగకూడదని. అది రాసింది ఇందులోనే పెడుతున్నాను. నేను దిద్దలేదు.

నీలిమ


(అదే కవరులో, రూళ్ళ కాగితం మీద)

అమ్మ ఇచ్చింది, అన్నీ చదివాను.

అందరికీ తెలుసు. ఆటోలో అమ్మాయికి తెలుసు. ఆంటీలకు తెలుసు. టీచర్‌కి కూడా తెలుసు, నన్ను చూసి బేచారీ అని జాలిపడింది. నాకు మాత్రమే ఎవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కడి నుంచి తెచ్చారు? ఎవరు వెళ్ళి తెచ్చారు? అమ్మ అడిగిందని తెచ్చారా, ఆయనకి కూడా నేను కావాలనిపించిందా? అమ్మని అడిగితే చెప్పడం మొదలుపెట్టి ఏడ్చేస్తుంది. సగం వీడియోలో నువ్వే చెప్పావు కదా. మిగతాది కూడా నువ్వే చెప్పు. అబద్ధం చెప్తే నాకు తెలిసిపోతుంది.

చాందిని


రాయపూర్, మోవా
అక్టోబరు

చాందినికి,

నువ్వు పైన ఏమీ రాయకుండా మొదలుపెట్టావు. నన్ను ఏమని పిలవాలో నీకు తెలియలేదు కాబోలు. ఆ ఖాళీ చోటు చూశాను. అది నేను చేసిందే. నీకు ఎలా తోస్తే అలా పిలువు, ఏమీ పిలవకపోయినా పరవాలేదు.

అడిగావు, చెబుతాను. అబద్ధం ఒక్కటి కూడా ఉండదు.

జగదల్‌పూర్ అవతల ఒక పిల్లల ఇల్లు ఉంది. నిన్ను కన్న తల్లి ఎవరో నాకు తెలియదు, అక్కడి వాళ్ళు చెప్పలేదు. ఆమె బతికి ఉందో లేదో కూడా తెలియదు. నీ ఒంటి మీద శుభ్రమైన చొక్కా వేసి, నుదుట కాటుక బొట్టు పెట్టి అప్పగించిందట. ఆ మాట మీ నాన్న నాకు చెప్పాడు. పిల్లను పెంచుకుందామని ముందు అడిగింది మీ అమ్మ కాదు. మీ నాన్నే. ఆఫీసు పని మీద అటు వెళ్ళినప్పుడు ఆ ఇల్లు చూసి వచ్చి, మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఏమిట్రా అంటే, "అమ్మా, అక్కడ ఒక పిల్ల నా వేలు పట్టుకుని వదల్లేదు" అన్నాడు. నేను వద్దన్నాను. ఎవరి పిల్లో ఏమిటో అన్నాను. అది కూడా నిజమే, రాస్తున్నాను.

వాడు నా మాట వినలేదు. జడ్జి గారి ముందు సంతకాలు అయ్యాక నిన్ను రైల్లో రాయగడ మీదుగా పార్వతీపురం తీసుకెళ్ళాడు, మీ అమ్మ అక్కడ ఉంది కదా. కొన్నాళ్ళయ్యాక ముగ్గురూ రాయపూర్ బండి ఎక్కారు. నేనూ మీ తాతయ్యా స్టేషనుకు వెళ్ళాం. తెల్లారి బండి వచ్చింది. మీ అమ్మ ముందు దిగింది, వట్టి చేతులతో. పిల్ల ఏదీ అని బండిలోకి తొంగి చూశాను. వెనక మీ నాన్న దిగాడు. స్వెట్టరు లోపల నిన్ను పెట్టుకుని గుండీలు పెట్టేశాడు, నీ నెత్తి మాత్రం బయటికి ఉంది. "ఏటిరా ఇది, పిల్లని అలాగేనా పట్టుకోడం?" అని మీ తాతయ్య అరిచాడు. "ఎలా పట్టుకున్నా ఏడుస్తోంది నాన్నా, ఇలా అయితేనే ఊరుకుంది" అన్నాడు వాడు.

రాత్రంతా నువ్వు ఏడ్చావట. వాడికి జోలపాట ఒక్కటి కూడా రాదు. నేను చావు రాగాలే గానీ జోలపాటలు సరిగ్గా నేర్చుకోలేదు, వాడికేం నేర్పుతాను? వాణ్ణి చిన్నప్పుడు నిద్రపుచ్చింది మీ తాతయ్యే. గూడ్సు గార్డు కదా, ఆ లైనులో స్టేషన్ల పేర్లు వరసగా చెబుతూ వీపు తట్టేవాడు. అదే మీ నాన్న నీకు చెప్పాడట. రాయగడ, మునిగుడ, కేసింగ, టిట్లాగఢ్, కాంటాబంజి, ఖరియార్ రోడ్, బాగ్‌బహరా, మహాసముంద్. బండి ఒక్కో స్టేషను దాటినప్పుడల్లా ఒక పేరు. నువ్వు మహాసముంద్ దగ్గర నిద్రపోయావట. ఆ తర్వాత ఇంట్లో రోజూ వాడు నీకు అదే చెప్పేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది. పెద్దదానివయ్యాక "నాన్నా, ఆపు, నాకు వచ్చేసింది" అని నోరు మూసేదానివి. మీ తాతయ్య అవతల గదిలో నవ్వుకునేవాడు.

ఇది ఎవరి ఫోనులోనూ లేదు. ఇది తెలిసిన వాళ్ళం నలుగురమే, అందులో ఒకరు లేరు.

ఇప్పుడు నా సంగతి. వీడియోలో ఆ మాట అన్నది నేనే. దుఃఖంలో ఏదో వచ్చిందిలే అని చెప్పి తప్పించుకోను. మీ నాన్న కోసం ఏడిసే నోరు లేదన్నాను. ఆ సమయంలో నువ్వు పక్కింట్లో, అన్నమ్మ వాళ్ళ వంటగదిలో, వేసిన తలుపు వెనక ఉన్నావు. చిన్నపిల్ల చూడకూడదని నిన్ను అక్కడ పెట్టింది కూడా నేనే. ఏడవవలసినదాన్ని గదిలో పెట్టి, ఏడ్చేవాళ్ళు లేరని నేను వీధి వినేలా ఏడ్చాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా బతుకులో చెయ్యలేదు.

నన్ను క్షమించమని అడగను. నువ్వు ఒకటి చేస్తే చాలు. మీ నాన్నను నాన్న అను. నా మీద కోపంతో వాడి మాట మానకు తల్లీ. నేనన్న మాటకు వాడికి శిక్ష వెయ్యకు. వాడు నీకోసం నన్నే ఎదిరించాడు.

ఈ ఉత్తరం నీది. ఎవరికైనా చూపించాలన్నా, చింపెయ్యాలన్నా నీ ఇష్టం.

సూరమ్మ


పార్వతీపురం
నవంబరు

నానమ్మకి,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. అమ్మకి కూడా. స్వెట్టర్ సంగతి మాత్రం చెప్పాను. అమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ స్వెట్టర్ తన దగ్గరే ఉందట, పెట్టెలోంచి తీసి ఇచ్చింది. గుండీ ఒకటి లేదు. నేనే కొరికేశానట.

నాకు ఇంకా నీ మీద కోపం ఉంది. కొంచెం.

నిన్న కొండలరావు మామయ్యతో స్టేషన్‌కి వెళ్ళాను. రాయపూర్ బండి వచ్చి ఆగింది. జనం ఎక్కారు, దిగారు. బండి కదిలాక నాకు ఏడవాలనిపించింది. కానీ నీలాగ రాగం తీయడం నాకు రాదు, ఏం అనాలో తెలీలేదు. అందుకని స్టేషన్ల పేర్లే చెప్పుకున్నాను. మొదట మెల్లగా. రాయగడ, మునిగుడ. బండి దూరం వెళ్ళిపోతోంది. టిట్లాగఢ్ దగ్గరికి వచ్చేసరికి గట్టిగా వచ్చేసింది. బెంచీ మీద వాళ్ళు చూస్తున్నారు. ఎవరో ఫోన్ పైకి తీశారు. మామయ్య వెళ్ళి వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు.

మహాసముంద్ అన్నాక తర్వాత ఏ పేరు చెప్పాలో గుర్తు రాలేదు. నాన్నా అన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను.

ఇంటికి వచ్చాక అమ్మ నీళ్ళు కాచి తలస్నానం చేయించింది.

ఈ ఉత్తరం తాతయ్యకి చదివి వినిపించు. ఇంకెవరికీ వద్దు.

చాందిని